పెళ్ళికి కెమెరా తెస్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

ప్రొద్దుటూరులో జరగబోయే మీ చిన్నమ్మ కూతురి పెళ్ళికి నీ నికాన్ డి5600 కెమెరా తెస్తున్నానని, దానికి దూరాన్ని దగ్గరగా చూపే 70-300 జూమ్ లెన్సు కొనాలా లేక కెమెరానే మార్చి, బొమ్మ పడే సెన్సరు పెద్దదిగా ఉండే ఫుల్‌ఫ్రేమ్ తీసుకోవాలా అని అడిగావు. నా మాట వింటే రెండూ వద్దు. మీ చిన్నాయన ఫొటోగ్రాఫరును, వీడియోవాళ్ళను ఇప్పటికే కుదుర్చుకున్నాడు కనుక ఆల్బమ్ బాధ్యత నీది కాదు. తెల్లవారుజాము ముహూర్తంలో, మండపం దీపాల వెలుతురులోనే మనవాళ్ళ ముఖాలను పట్టుకోగల లెన్సు ఒక్కటి నీకుంటే చాలు.

నువ్వు చూసిన 70-300 లెన్సును 300 దాకా లాగితే దాని అపర్చరు, అంటే వెలుతురు లోనికి వచ్చే రంధ్రం, ఎఫ్/6.3కు పడిపోతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). ఎఫ్/1.8 లెన్సు లోనికి రానిచ్చే వెలుతురులో అది సుమారు పన్నెండో వంతు మాత్రమే. లెన్సులోని వీఆర్ నీ చేతి వణుకును సరిచేస్తుందేగాని, తలంబ్రాలు పోసే చేతుల కదలికను ఆపలేదు. అందువల్ల 35 ఎంఎం ఎఫ్/1.8జి డీఎక్స్ లెన్సు తీసుకో. నీ కెమెరా సెన్సరు చిన్నది కాబట్టి అది ఫుల్‌ఫ్రేమ్‌పై 52 ఎంఎం లెన్సు చూపినంత దృశ్యాన్ని చూపిస్తుంది. మండపం అంచున కూర్చుని తీయడానికి ఆ దూరం చక్కగా కుదురుతుంది. పాత సరుకులో 50 ఎంఎం 1.8డి చౌకగా దొరుకుతుందని ఎవరైనా చెబితే ఆశపడవద్దు. డి5600లో ఫోకస్ మోటారు లేదు కాబట్టి ఆ లెన్సును చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి, పురోహితుడు నీకోసం మంత్రం ఆపడు. బెంగళూరులో లెన్సులు అద్దెకిచ్చేవాళ్ళున్నారు, కొనేముందు ఒకసారి తెచ్చుకొని రాత్రిపూట ఇంట్లోనే తీసి చూడు. పెళ్ళికూతురిని చేసేనాడు ఇరుకు గదిలో తీయడానికి నీ దగ్గరున్న 18-55 సరిపోతుంది.

మండపంలో ఎఫ్/1.8తో తీస్తే పెళ్ళికూతురు స్పష్టంగా వచ్చి పక్కనున్న పెళ్ళికొడుకు మసకబారవచ్చు. ఇద్దరినీ కలిపి తీసేటప్పుడు రంధ్రాన్ని ఎఫ్/2.8కి తగ్గించు. తక్కువ వెలుతురులోనూ ఫొటోను వెలిగించే ఐఎస్ఓను ఆటోలో పెట్టి 6400 వద్ద హద్దు కట్టు, అది పెరిగి గింజలు పడిన ఫొటోను భరించవచ్చు గాని అలికినట్టు వచ్చినదాన్ని ఏమీ చేయలేము. ఇక షట్టరు సంగతి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి కొన్ని ఎల్ఈడీ దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి, వేగంగా తీస్తే ఫొటోలో అడ్డంగా నల్లని చారలు పడతాయి. సెకనులో వందో వంతు వద్ద మొదలుపెట్టి, అక్కడి దీపాల కింద చారలు రావని తేలాకే వేగం పెంచు. రంగు దీపాలు ఎటూ తప్పవు కనుక రా ఫైళ్ళుగా, అంటే కెమెరా జేపెగ్‌గా మార్చకముందున్న రూపంలో, తీస్తే చర్మం రంగును తరువాత సరిచేసుకోవచ్చు.

ఫ్లాష్ తేవద్దు. హోమం పొగ మీద నేరుగా వేస్తే తెల్లని తెర కట్టినట్టు వస్తుంది, పట్టుచీర జరీ మీద పడితే జరీ కనిపించదు, షామియానా గుడ్డ మీదికి తిప్పి వేస్తే ఆ గుడ్డ రంగంతా పెళ్ళికూతురి ముఖానికి అంటుకుంటుంది.

అడ్డుతెర తీసే క్షణంలో ఎదుటి చోటు మీ చిన్నాయన కుదిర్చిన ఫొటో, వీడియోవాళ్ళది, వాళ్ళకు అడ్డం పోవద్దు. నువ్వు పక్కకు జరిగి బంధువుల వైపు తిరుగు. స్టూడియోలో ఆల్బమ్‌లు తిప్పేవాళ్ళను చాలాకాలం చూశాను. జీలకర్ర బెల్లం పేజీని త్వరగానే దాటేస్తారు, వెనక వరుసలో అవ్వ ఎక్కడుందోనని మాత్రం వేలుపెట్టి వెతుకుతారు. షట్టరు చప్పుడు తగ్గించే క్వయిట్ మోడ్ నీ కెమెరాలో ఉంది, వాడుకో.

నీ కెమెరాకు కార్డు పెట్టే చోటు ఒక్కటే. రెండు కార్డులు తెచ్చుకొని, మాంగల్యధారణ అయిన వెంటనే మొదటిది తీసి జేబులో వేసుకో. ఆ రోజు పెళ్ళికూతురిని గంపలో తెచ్చే మేనమామను నేనే కాబట్టి నిన్ను కనిపెట్టుకొని ఉండలేను, నా కెమెరా బ్యాటరీ నీదానికి పట్టదు కూడా. రెండో బ్యాటరీ బెంగళూరులోనే కొని, నిండా చార్జి చేసుకొని రా.

ఇట్లు,
మీ మామ