ఆగిపోయిన డిగ్రీకి పాత మార్కులు ఎంతవరకు ఆదుకుంటాయి?

చదువు సందేహాలు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది అనంతపురం జిల్లా. 2007లో ఇంటర్ పాసై, అక్కడే తెలుగు మీడియంలో బి.కామ్. చేరాను. 2009లో రెండో సంవత్సరం పరీక్షలు రాయగానే పెళ్లయి బెంగళూరు వచ్చేశాను. రెండేళ్లలో ఒక్క పేపరు తప్ప అన్నీ పాసయ్యాను. ఇప్పుడు పీణ్యాలో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. బిల్లులు, ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు అన్నీ నేనే చేస్తాను. డిగ్రీ లేదన్న ఒక్క కారణంతో సీనియర్ పోస్టు రెండుసార్లు చేజారిపోయింది. మా ఇంటి దగ్గర ఒక కన్సల్టెన్సీ వాళ్లు నా పాత రెండేళ్లను 'అడ్జస్ట్' చేయించి ఒక్క ఏడాదిలో డిగ్రీ చేతికిస్తామని, డబ్బంతా ముందే కట్టమని అంటున్నారు. నమ్మవచ్చా? నా పాత మెమోలకు అసలు విలువ ఉందా? ఇంటర్ ఒరిజినల్ మెమో కూడా ఆ కాలేజీలోనే ఉండిపోయింది.
– ఒక పాఠకురాలు, యశవంతపుర, బెంగళూరు

జవాబు: ఆ కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వారి చేతికి ఇవ్వవద్దు. నేను ఒక స్టడీ సెంటరులో చాలా ఏళ్లు ఆదివారం తరగతులు చెప్పాను. ఇలాంటి మాట నమ్మి కష్టార్జితం పోగొట్టుకున్నవారినీ, ఇచ్చిన పదో తరగతి మెమోను తిరిగి రాబట్టుకోలేక కన్నీళ్లు పెట్టుకున్నవారినీ అక్కడ చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

వారి మాట ఎందుకు నిలవదో లెక్క వేసి చూడండి. విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు (పాసైన చదువును కొలిచే యూనిట్లు) కావాలి, అంటే ఏడాదికి 40 చొప్పున. విద్యార్థుల క్రెడిట్లను ఖాతాలో జమ చేసి ఉంచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ కోసం 2021 జూలైలో వచ్చిన నిబంధనలు, డిగ్రీ ఇచ్చే సంస్థలోనే విద్యార్థి కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలని చెబుతున్నాయి. కాబట్టి ఎంత బాగా చదివినవారైనా బయటి నుంచి తెచ్చుకోగలిగినవి 60కి మించవు. రెండేళ్ల చదువంటే 80 అవుతుంది. పైగా ఆ బ్యాంకులో జమ అయ్యేవి 2021-22 నుంచి చదివిన కోర్సుల క్రెడిట్లు మాత్రమే కనుక, 2007-09 మధ్య మీరు చదివిన చదువుకు అందులో చోటే లేదు. ఇప్పటి విద్యార్థులకే లేని వెసులుబాటును మీకు ఇప్పిస్తామంటే, వారు ఇచ్చేది ఎలాంటి కాగితమో మీరే ఊహించుకోవచ్చు.

అంతమాత్రాన మీ మెమోలు చిత్తు కాగితాలు కావు. ఒక విషయం మాత్రం స్పష్టంగా గ్రహించాలి: ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి సంవత్సరాలు బదిలీ కావు, పేపర్లు బదిలీ అవుతాయి. మీరు చదివిన రోజుల్లో ఏడాదికొకసారి పరీక్ష, వందకు ఇన్ని మార్కులు అన్న పద్ధతి ఉండేది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీలకు సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చింది 2015-16లో. అందువల్ల మీరు కొత్తగా చేరబోయే విశ్వవిద్యాలయం మీ మార్కులను నేరుగా క్రెడిట్లుగా మార్చదు. మీరు పాసైన ప్రతి పేపరు సిలబస్‌నూ తమ సిలబస్ పక్కన పెట్టి, రెండూ తగినంత కలిసిన చోట మాత్రమే ఆ పేపరుకు మినహాయింపు ఇస్తుంది. తప్పిన పేపరు లెక్కలోకి రాదు.

మీ విషయంలో ఈ పోలిక ఎలా ఉండవచ్చో కొంత ఊహించగలను. ఫైనాన్షియల్ అకౌంటింగ్, బిజినెస్ స్టాటిస్టిక్స్ వంటి పేపర్ల మూలాలు మారలేదు కాబట్టి వాటిపై ఆశ పెట్టుకోవచ్చు. చట్టాలకు, పన్నులకు సంబంధించిన పేపర్ల సంగతి వేరు. అప్పటి కంపెనీల చట్టం 1956 నాటిది, దాని స్థానంలో 2013లో కొత్త చట్టం వచ్చింది. అప్పటి సేల్స్ ట్యాక్స్, వ్యాట్ పాఠాల స్థానంలోకి 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చింది. ఆ పేపర్లకు మినహాయింపు రాకపోతే బాధపడవద్దు. జీఎస్టీ మీరు రోజూ చేసే పనే కనుక ఆ పేపరు మీకు అందరికంటే తేలిక.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నది. కొత్త చోట్ల విచారించక ముందే మీ పాత విశ్వవిద్యాలయం పరీక్షల విభాగానికి హాల్ టికెట్ నంబరుతో సహా ఒక ఉత్తరం రాయండి. పాత విద్యార్థులకు మూడో సంవత్సరంలో తిరిగి ప్రవేశం ఉందా, ఉంటే ఏ సిలబస్ ప్రకారం, తప్పిన పేపరు రాయడానికి అవకాశం ఉందా అని అడగండి. గడువు దాటినవారి కోసం మన విశ్వవిద్యాలయాలు అప్పుడప్పుడు 'వన్ టైమ్ ఛాన్స్' పేరుతో ప్రత్యేక పరీక్షలు ప్రకటిస్తుంటాయి. చాలామంది కొత్త చోట చేరి ఫీజు కట్టిన తరవాత ఈ సంగతి తెలుసుకుని చింతిస్తారు. సమాధానం కాగితం మీదే రావాలి, ఫోనులో ఎవరో చెప్పిన మాటను ఆధారంగా తీసుకోకండి.

అక్కడ దారి లేదని తేలితే, ఉద్యోగం చేసుకుంటూ బెంగళూరులో చదవడానికి ఇగ్నో (ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) అనువైనది. 1985లో ఏర్పడిన ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి బెంగళూరులో ప్రాంతీయ కేంద్రం ఉంది. జనవరి, జూలై నెలల్లో ప్రవేశాలు, జూన్, డిసెంబరుల్లో పరీక్షలు ఉంటాయి. మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల లోపు పూర్తి చేయవచ్చు. మైసూరు కేంద్రంగా 1996 నుంచి నడుస్తున్న కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా ఉంది. అయితే దాని దూరవిద్యకు 2013-14 నుంచి కొన్నేళ్ల పాటు యూజీసీ గుర్తింపు లేకపోయి, 2018లో తిరిగి వచ్చిందన్న సంగతిని గుర్తుంచుకోవాలి. దూరవిద్యలో గుర్తింపు అన్నది సంస్థ పేరుకు శాశ్వతంగా ఇచ్చేది కాదు, ఏ సంవత్సరం ఏ కోర్సు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరు చేరే కోర్సు, చేరే సంవత్సరం రెండూ యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో కనిపిస్తేనే ఫీజు కట్టండి. అదే వెబ్‌సైటులో ప్రతి విద్యార్థీ ఇప్పుడు డీఈబీ ఐడీ (ఆ విభాగం ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోవాలి. దాన్ని మీ పేరున మీరే, మీ ఫోను నంబరుతో తీసుకోండి.

తెలుగు మీడియం అనగానే హైదరాబాదులోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మీకు గుర్తుకు రావచ్చు. 1982లో మొదలైన అది దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం. కానీ రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దూరవిద్యను తమ రాష్ట్ర పరిధి దాటి నడపకూడదన్నది నిబంధన కనుక, బెంగళూరులో ఉంటూ దానిలో చదవడం మీకు కుదరదు. ఇంగ్లీషులో రాయవలసి వస్తుందని భయపడుతున్నారేమో. లెడ్జరు, డెబిట్ నోటు, ఇన్‌పుట్ క్రెడిట్ అన్న మాటలతోనే ఇన్నేళ్లుగా పని చేస్తున్న మీకు కామర్స్ ఇంగ్లీషు కొత్త కాదు.

మినహాయింపు కోసం దరఖాస్తు చేసేటప్పుడు మార్కుల మెమోలతో పాటు, మీరు చదివిన సంవత్సరం నాటి సిలబస్ కాపీని విశ్వవిద్యాలయం ముద్రతో జత చేయాలి. అసలు కష్టం ఇక్కడే వస్తుంది. పాత సిలబస్ వెబ్‌సైటులో దొరకకపోతే కాలేజీ కామర్స్ విభాగంలోనో, లైబ్రరీలోనో, విశ్వవిద్యాలయం అకడమిక్ విభాగంలోనో వెతికించాలి. దీనికోసం ఒకసారి అనంతపురం వెళ్లి రావడమే మేలు. ఆ ప్రయాణంలోనే టి.సి., మైగ్రేషన్ సర్టిఫికెట్, ఇంటర్ ఒరిజినల్ మెమో కూడా తెచ్చుకోండి. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో స్పష్టమైన ఆదేశం ఇచ్చింది. మర్యాదగా రాతపూర్వకంగా అడిగి, మీ ఉత్తరం అందినట్టు సంతకం తీసుకోండి.

మీరు అడగని మరొక విషయం చెప్పాలి. పెళ్లి తరవాత ఆధార్‌లో మీ ఇంటిపేరు మారి ఉంటుందేమో చూడండి. పదో తరగతి మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు ఉన్న మన ఆడపడుచులు ఐడీ తీసుకునే దశలోనే ఆగిపోవడం నేను పదేపదే చూశాను. చదువుకు ఆధారం పదో తరగతి మెమో కాబట్టి, దరఖాస్తుకు ముందే రెండు పేర్లూ కలిసేలా సరిచేసుకోండి.

చివరిగా, మినహాయింపు కోసం మీరు ఎంత ఓపిక పట్టాలన్నది. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపర్లు మూడు మినహాయింపు పొందితే మీకు 360 గంటలు మిగులుతాయి, పిల్లలు, ఉద్యోగం ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు. అయితే ఆ మినహాయింపు వల్ల మూడేళ్ల కనీస కాలం తగ్గుతుందో లేదో దరఖాస్తుతో పాటే అడగండి. తగ్గదని చెప్పినా, ఒకటి రెండు పేపర్లే వచ్చినా, వచ్చే ప్రవేశాల గడువు దాటనివ్వకుండా మొదటి ఏడాదిలోనే చేరిపొమ్మని నా సలహా. పాత మార్కుల కోసం తిరుగుతూ మరో రెండేళ్లు పోగొట్టుకుంటే ఆ మూడు పేపర్ల లాభం ఏమూలకూ రాదు.

ప్రశ్న: నేను 2021లో నెల్లూరు జిల్లాలో బి.ఎస్సీ. చేరి నాలుగు సెమిస్టర్లు చదివాను. 2023లో ఇంటి పరిస్థితుల వల్ల మానేసి చెన్నై అంబత్తూరులో ఉద్యోగంలో చేరాను. రెండు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. నా క్రెడిట్లు ఎన్నాళ్లు ఉంటాయి? చెన్నైలో నేరుగా మూడో సంవత్సరంలో చేరవచ్చా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: మీరు 2021-22లో చేరారు కాబట్టి పై ఉత్తరం రాసిన సోదరికి లేని అవకాశం మీకు ఉంది. ఈ రోజే డిజీలాకర్‌లో మీ అపార్ ఐడీ (క్రెడిట్ల ఖాతాకు ముడిపడిన విద్యార్థి గుర్తింపు సంఖ్య) తెరిచి, మీ క్రెడిట్లు జమ అయ్యాయో లేదో చూడండి. వాటిని విద్యార్థి స్వయంగా ఎక్కించలేడు, విశ్వవిద్యాలయమే జమ చేయాలి. ఖాతా ఖాళీగా ఉంటే కాలేజీ పరీక్షల విభాగాన్ని అడగండి. ఒకసారి జమ అయిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి. అయితే పైన చెప్పిన 2022 నాటి యూజీసీ చట్రంలో, మధ్యలో బయటికి వెళ్లినవారు మూడేళ్ల లోపు తిరిగి చేరాలన్న షరతు కూడా ఉంది. అది మీ బ్యాచ్‌కు వర్తిస్తుందో లేదో మీ విశ్వవిద్యాలయమే చెప్పాలి. వర్తిస్తే మీ చేతిలో వ్యవధి లేదు కనుక, వెంటనే ఉత్తరం రాయండి.

బ్యాంకులో క్రెడిట్లు ఉన్నంత మాత్రాన చెన్నైలోని ఏ కాలేజీ అయినా మిమ్మల్ని చేర్చుకోవాలన్న నియమం లేదు. సీటు ఖాళీ, సబ్జెక్టుల పోలిక చూసి ఆ విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. డిగ్రీ ఇచ్చే సంస్థలోనే సగం క్రెడిట్లు సంపాదించాలని పైన చెప్పిన నియమం మీకూ ఉంది కాబట్టి, నేరుగా మూడో సంవత్సరం మీద ఆశ పెట్టుకోకండి. బ్యాక్‌లాగ్ ఉన్న పేపర్లకు క్రెడిట్లు రావు కాబట్టి, వీలైతే సప్లిమెంటరీకి సెలవు పెట్టి వెళ్లి ముందు ఆ రెండూ పూర్తి చేయండి. ఉద్యోగం మానలేరు కనుక తమిళనాడు సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనూ, ఇగ్నో చెన్నై ప్రాంతీయ కేంద్రంలోనూ కలిపి విచారించండి. బి.ఎస్సీ.లో ప్రాక్టికల్స్ ఉంటాయి, వాటికి ఏ రోజుల్లో హాజరు కావాలో, మీ షిఫ్టులతో కుదురుతుందో లేదో చేరకముందే తెలుసుకోండి. ఒక డిగ్రీకి వాడిన క్రెడిట్లు ఖాతాలోంచి తగ్గిపోతాయి, మరో డిగ్రీకి పనికిరావు. అందువల్ల ఏ కోర్సు పూర్తి చేయాలో తేల్చుకున్న తరవాతే బదిలీకి అనుమతి ఇవ్వండి.