పిలవని పేరంటమా? చర్చి బులెటిన్ వెనక పేజీ గురించి మీ ప్రశ్నలు, అక్క జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చర్చి గురించే, అదీ టెక్సాస్‌లో ఎపిస్కోపల్ చర్చికి (అమెరికాలోని ఆంగ్లికన్ చర్చి) వెళ్తున్న మనవాళ్ల నుంచే. నేనూ దోర్నకల్ పక్క పల్లె నుంచి వచ్చి హ్యూస్టన్ పక్క కేటీలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నదాన్నే కాబట్టి ఎడిటర్ గారు ఆ కట్ట మొత్తం తెచ్చి నా మీద పడేశారు.

ప్రశ్న: అక్కా, మేం షుగర్‌ల్యాండ్‌లో ఉంటాం. రెండేళ్లుగా ఎపిస్కోపల్ చర్చికి వెళ్తున్నాం, ఆరాధన మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాగే ఉంటుంది, ప్రాణానికి హాయిగా ఉంటుంది. కానీ ప్రతి ఆదివారం బులెటిన్ వెనక పేజీ నిండా ప్రకటనలే. వెస్ట్రీ, ఆల్టర్ గిల్డ్, ఈఎఫ్ఎం, యూటీఓ, కౌన్సిల్, సగం మాటలు అర్థం కావు. ఇంతవరకు ఎవరూ మమ్మల్ని దేనికీ పిలవలేదు. పిలవకుండా మేమే వెళ్తే ఏం బాగుంటుంది?

జవాబు: పిలవని పేరంటం అనుకుంటున్నావు కదమ్మా, నేనూ అలాగే అనుకుని ఏడాది పాటు చివరి వరసలో కూర్చుని ఆశీర్వాదం అవగానే కారెక్కి వచ్చేసేదాన్ని. మనవాళ్లం బొట్టు పెట్టుకోం గానీ బొట్టు పెట్టి పిలవాలని మాత్రం చూస్తాం. ఊళ్లో అలవాటు అది. పాఠం ఎవరు చదవాలో కానుక పళ్లెం ఎవరు పట్టాలో సంఘ పెద్దలు చెప్తారు, మనంతట మనం వెళ్లి నేను చదువుతానంటే ఈవిడకెందుకంత ముందు అంటారు. ఇక్కడ తలకిందులు. హాల్లో గోడకి ఒక కాగితం అంటించి ఉంటుంది, గీతలు ఖాళీగా ఉంటాయి, పేరు రాస్తే పని నీది, రాయకపోతే నీకిష్టం లేదేమో అనుకుని మర్యాద కొద్దీ అడగరు. అంటే వాళ్లు అడగట్లేదని నువ్వు, నువ్వు రావట్లేదని వాళ్లు, ఇద్దరూ రెండేళ్లుగా మర్యాదగానే ఉన్నారన్నమాట. ఆ వెనక పేజీయే పిలుపు.

నా సంగతి చెప్తా. ఓ ఆదివారం కాఫీ అవర్‌లో ఎనభై దాటిన పెద్దావిడ ఒక్కతే సింక్ దగ్గర కప్పులు కడుగుతుంటే చూడలేక చీర కుచ్చిళ్లు పైకి దోపి పక్కన నిలబడ్డా, అంతే, పై ఆదివారానికి నా పేరు అందరికీ తెలుసు, పలకడం ఒక్కరికీ రాదనుకో. నెల తిరిగేసరికి ఆల్టర్ గిల్డ్‌లో ఉన్నా. అంటే ప్రభు బల్ల సిద్ధం చేసేవాళ్లు. తెల్ల గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేయడం, రొట్టె, ద్రాక్షారసం, పూలు, కాలాన్ని బట్టి బల్ల మీద గుడ్డల రంగు మార్చడం, శ్రమకాలంలో ఊదా, ఈస్టర్‌కి తెలుపు. మాటలు పెద్దగా అక్కర్లేని పని కాబట్టి ఇంగ్లీషుకి మొహమాటపడేవాళ్లకి ఇదే మంచి మొదలు. ఆ తర్వాత పాఠాలు చదవడానికి పేరివ్వు. యాస గురించి భయమొద్దు, నెహెమ్యాలో వచ్చే ఆ పేర్ల జాబితాకి వాళ్లకీ నోరు తిరగదు.

వెస్ట్రీ అంటే మన పాస్టరేట్ కమిటీ లాంటిది. ఏటా జరిగే సంఘ సమావేశంలో ఓటేసి ఎన్నుకుంటారు, డబ్బు లెక్కలు, బిల్డింగు వాళ్ల చేతిలో. ఒక పెద్ద తేడా ఉంది, మన దగ్గర అయ్యగారి ట్రాన్స్‌ఫర్ బిషప్ గారు వేస్తారు, ఇక్కడ పాత రెక్టర్, అంటే సంఘం అయ్యగారు, వెళ్లిపోతే కొత్తవాళ్లని వెతికి మాట్లాడి పిలుచుకునేది వెస్ట్రీయే, బిషప్ ఒప్పుదలతో. అందుకే ఆ సమావేశానికి పులిహోర డబ్బా తీసుకెళ్లి తినేసి రావడం కాదు, ఓటెయ్యాలి.

కౌన్సిల్ అంటే డయాసిస్ మొత్తం, అంటే ఒక బిషప్ కింద ఉండే సంఘాలన్నీ, ఏడాదికోసారి, ఫిబ్రవరిలో, కూడే సభ. ప్రతి సంఘం నుంచి ప్రతినిధులు వెళ్తారు, గురువులే కాదు మామూలు సభ్యులు కూడా, వాళ్ల ఓటుకీ లెక్క ఉంటుంది. మనది టెక్సాస్ డయాసిస్, 1849లో మొదలైంది, హ్యూస్టన్‌లో కెథడ్రల్‌గా (బిషప్ గారి ప్రధాన గుడిగా) ఉన్న క్రైస్ట్ చర్చి సంఘం ఇంకా పాతది, 1839, అప్పటికి టెక్సాస్ అమెరికాలో కలవనే లేదు, సొంత దేశం. గాల్వెస్టన్, బోమాంట్, టైలర్, వేకో, ఆస్టిన్ అన్నీ ఇందులోవే. 2008లో ఫోర్ట్ వర్త్ డయాసిస్ చీలిపోయినప్పుడు ఎపిస్కోపల్‌లోనే ఉండిపోయిన సంఘాలు కూడా 2022లో వచ్చి కలిశాయి. ఇంత పెద్ద ఇంట్లో నీకు తెలిసింది నీ ఒక్క గది అన్నమాట.

యూటీఓ, అంటే యునైటెడ్ థాంక్ ఆఫరింగ్, నాకు బాగా ఇష్టమైంది, కాస్త ఎక్కువ రాస్తా. నీలం రంగు అట్టపెట్టె ఒకటి ఇస్తారు, ఇంట్లో పెట్టుకుని ఏదైనా మంచి జరిగినప్పుడల్లా థాంక్స్ చెప్పి చిల్లర వేయాలి, దాన్ని చర్చిలో పోగుచేసి గ్రాంట్లుగా ఇస్తారు. 1889లో ఆడవాళ్లు మొదలుపెట్టింది. మొదటిసారి ఆ పెట్టె చేతిలో పెట్టినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి, ఎందుకంటే దోర్నకల్ వైపు ఆడవాళ్లు అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవాళ్లు, ఆదివారం గుడికి తెచ్చేవాళ్లు. రూపాయి లేని ఇళ్లు అవి. ఆ పిడికిళ్లతోనే అయ్యగార్ల జీతాలు గడిచిన రోజులున్నాయి. నా పెట్టె స్టవ్ పక్కనే ఉంటుంది, బియ్యం కడిగేటప్పుడే పావు డాలర్ బిళ్ల వేస్తా.

ఈఎఫ్ఎం అంటే ఎడ్యుకేషన్ ఫర్ మినిస్ట్రీ, నాలుగేళ్ల చదువు, టెనెసీలోని సెవానీ యూనివర్సిటీ వాళ్లది, 1975 నుంచి నడుస్తోంది. వారానికోసారి పది మందో తక్కువో కూర్చుని పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్ర, దైవశాస్త్రం, ఏడాదికొకటి చొప్పున. ఫీజు ఉంటుంది, సహాయం ఏమన్నా ఉందేమో అడుగు, సిగ్గేం లేదు. చిన్నపిల్లలున్న ఇల్లయితే మాత్రం ఇప్పుడే తలకెత్తుకోవద్దంటా.

ఇక చర్చి గోడలు దాటి పని కావాలంటే హ్యూస్టన్‌లో లార్డ్ ఆఫ్ ది స్ట్రీట్స్ ఉంది, ఇల్లు లేనివాళ్ల కోసం నడిచే సంఘం, ఆదివారం పొద్దున్నే ఆరాధన, టిఫిను. వడ్డించడానికి ఒకసారి వెళ్లిరా. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు మా చర్చిలో గ్లవ్స్, సుత్తులు పంచి పంపితే ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇళ్లలో తడిసిన గోడ పలకలు (షీట్‌రాక్) పీకేశాం, ఆ రోజు సంఘమంటే ఏంటో నాకు ప్రసంగాల్లో కంటే ఎక్కువ అర్థమైంది. వీటిలో ఒక్కటే పట్టుకో. అన్నిటికీ పేరు రాసి దేనికీ వెళ్లనివాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు, వాళ్లలో మనం ఒకరం కావద్దు.

ప్రశ్న: మేడమ్, మేం ఫ్రిస్కోకి కొత్తగా వచ్చాం. సీఎస్ఐలో బాప్తిస్మం, కన్ఫర్మేషన్ రెండూ అయ్యాయి. ఇక్కడ చేరాలంటే మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా? డయాసిస్ పనుల్లో పాల్గొనొచ్చా?

జవాబు: మళ్లీ అక్కర్లేదండీ, బాప్తిస్మం ఒక్కసారే. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్ట్, ఇంకా కొన్ని సంఘాలు కలిసి సీఎస్ఐ అయ్యాయి కదా, ఇప్పుడు అదీ ఎపిస్కోపల్ చర్చీ రెండూ ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో (ప్రపంచంలోని ఆంగ్లికన్ చర్చిల కూటమిలో) సభ్యులే, ఒక ఇంటి అక్కాచెల్లెళ్లు. ప్రభు బల్ల మొదటి ఆదివారమే తీసుకోవచ్చు. ఊళ్లో అయ్యగారి దగ్గర ఉత్తరం తెప్పించుకుని రెక్టర్‌కి ఇచ్చి రిజిస్టర్‌లో పేరు రాయించుకోండి. బిషప్ గారు సంఘానికి వచ్చినప్పుడు మిమ్మల్ని అందరి ముందు రిసీవ్ చేసుకోవడం కూడా ఉంటుంది, మీకు అది కావాలో వద్దో రెక్టరే చెప్తారు. పేరు రిజిస్టర్‌లో లేకపోతే వెస్ట్రీకి నిలబడే దగ్గర చిక్కొస్తుంది కాబట్టి బద్ధకించకండి.

ఇంకోటి, పైన నేను రాసిన కౌన్సిల్ మీది కాదు. టెక్సాస్ ఒకటే రాష్ట్రం గానీ ఎపిస్కోపల్ లెక్కలో ముక్కలు ముక్కలు. ఫ్రిస్కో, ప్లానో వాళ్లు డల్లాస్ డయాసిస్, శాన్ ఆంటోనియో వెస్ట్ టెక్సాస్, లబ్బక్ నార్త్‌వెస్ట్ టెక్సాస్. మీ బిషప్ వేరు, మీ ప్రకటనలు వేరు.

ప్రశ్న: అమ్మా, నేను మహబూబాబాద్ నుంచి రాస్తున్నా. మా అబ్బాయి హ్యూస్టన్‌లో ఏదో ఎపిస్కోపల్ గుడికి పోతున్నాడంట, అక్కడ అయ్యగారు ఆడమనిషంట, పిల్లోడు క్యాండిల్ పట్టుకుని ముందు నడుస్తున్నాడంట. అది అసలు మన గుడేనా? బెంగగా ఉంది.

జవాబు: వదినా, బెంగ పడాల్సిందేం లేదు. ఆడవాళ్లు గురువులు కావొచ్చని వాళ్లు 1976లో ఒప్పుకున్నారు, 1989లో బార్బరా హ్యారిస్ అనే నల్లజాతి ఆవిడ బిషప్ కూడా అయ్యింది. అంతదూరం ఎందుకు, మన నంద్యాలలో 2013లో పుష్పలలిత గారు బిషప్ కాలేదా, సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్ మన తెలుగావిడే. మీ దోర్నకల్లోనే అజరయ్య గారు 1912లో బిషప్ అయినప్పుడు నల్లోడు బిషప్ ఏంటని మొహం చిట్లించినవాళ్లు ఎందరో, ఆయనే కదా ఆంగ్లికన్లలో మొదటి భారతీయ బిషప్. క్యాండిల్ పట్టుకుని నడిచే పనిని అకొలైట్ అంటారు, బళ్లో చదివే పిల్లలకి ఇచ్చేదే ఎక్కువగా, మీ మనవడు తెల్ల అంగీలో ఉన్న ఫోటో పంపమనండి, మీ బెంగ సగం అక్కడే పోతుంది.

మీరు అడగలేదు గానీ రేపో మాపో ఎవరో ఒకరు మీ చెవిన వేస్తారు కాబట్టి నేనే చెప్తా. ఈ చర్చి 2015లో ఒకే లింగం వాళ్ల పెళ్లిళ్లకి కూడా ఒప్పుకుంది. మన ఊరి సంఘాల్లో చాలామందికి ఇది మింగుడుపడదు, ఇక్కడి తెలుగువాళ్లలోనూ దీనివల్లే వేరే చర్చికి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. నేను ఉన్నా. మీ అబ్బాయి ఎందుకు ఉన్నాడో అబ్బాయినే అడగండి, కోపంతో కాకుండా.

ప్రశ్న: ఊళ్లో పదిహేనేళ్లు సండే స్కూల్ నడిపాను. ఇక్కడ పిల్లలకి కథలు చెప్తానంటే నా బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారట, ట్రైనింగ్ చూడాలట, ఇంకో మనిషి గదిలో ఉండాలట! నన్ను దొంగలా చూస్తున్నారు. మానేద్దామనుకుంటున్నా.

జవాబు: మానేయకండి అన్నా, కానీ మీ కోపం నాకు ఒప్పుదల కాదు. మిమ్మల్ని కాదు చూసేది, రెక్టర్‌నీ చూస్తారు, వెస్ట్రీవాళ్లనీ చూస్తారు, పిల్లల దగ్గరకి వెళ్లే ప్రతివాళ్లకీ ఇదే రూలు. దీన్ని సేఫ్ చర్చ్ ట్రైనింగ్ అంటారు, పిల్లల్ని నమ్మి పంపిన చోట పిల్లలకి జరిగిన ఘోరాల తర్వాత వచ్చిన పద్ధతి ఇది, ఇద్దరు పెద్దవాళ్లు లేకుండా ఒక్కరే పిల్లలతో ఉండకూడదనేది అందులో మొదటి పాఠం. ఇలాంటి రూలు మన పల్లెలో ఉంటే ఒకరిద్దరు ఆడపిల్లల బాల్యం వేరేలా ఉండేదని నాకు తెలుసు, అంతకంటే ఇక్కడ రాయను. గంటో రెండు గంటలో వీడియోలు చూడండి, ఫారం నింపండి, ఆ వారమే కథలు మొదలుపెట్టండి. పదిహేనేళ్ల అనుభవం ఉన్న సండే స్కూల్ మాస్టారంటే ఇక్కడి రెక్టర్లు ఎగిరి గంతేస్తారు.

ప్రశ్న: అక్కా, ఆస్టిన్‌లో ఎంఎస్ చేస్తున్నా. డబ్బుల్లేవు, కారు లేదు, ఆదివారాలు మాత్రం ఖాళీ. సేవ చేయాలని ఉంది, ఎప్పుడైనా గురువు కావాలన్న ఆలోచన కూడా మనసులో మెదులుతోంది. నవ్వకండి.

జవాబు: ఎందుకు నవ్వుతా తమ్ముడూ. ముందు క్యాంపస్‌లో ఎపిస్కోపల్ స్టూడెంట్ల గుంపు ఎక్కడుందో చూడు, చాలా చోట్ల క్యాంటర్‌బరీ అని పిలుస్తారు, ఆరాధన తర్వాత భోజనం ఫ్రీ, అది కూడా ఒక లెక్కే కదా. మీ ఊళ్లోనే ఎల్ బ్యూన్ సమరిటానో అని డయాసిస్ మొదలుపెట్టిన సేవ ఉంది, ఎక్కువగా లాటినో కుటుంబాలకి సాయం, వాలంటీర్లు కావాలేమో కనుక్కో. నవసోటా దగ్గర క్యాంప్ అలెన్‌లో వేసవిలో పిల్లల క్యాంపులు నడుస్తాయి, కాలేజీ పిల్లల్ని కౌన్సెలర్లుగా తీసుకుంటారు, కానీ అది జీతం ఉన్న పని, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడివి ఒక్క డాలర్ తీసుకునే ముందు యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ ఆఫీసుని అడిగి తీరాలి, నాకు తెలిసిన అక్క చెప్పిందంటే ఇమిగ్రేషన్ వాళ్లు వినరు.

గురువు అవ్వాలనే మాట ఎవరితోనైనా చెప్పావా? రెక్టర్‌తో చెప్పు. ఇక్కడ దాన్ని డిసర్న్‌మెంట్ అంటారు, నీ పిలుపు నిజమో కాదో నువ్వొక్కడివే కాదు, నీ సంఘం, డయాసిస్ కమిటీ, బిషప్ అందరూ కలిసి తేలుస్తారు, ఏళ్లు పడుతుంది. ఉద్యోగం మానకుండా చదవాలనుకునేవాళ్లకి అయోనా స్కూల్ ఉంది, నెలకో వారాంతం క్యాంప్ అలెన్‌లో కూర్చుని చదువుతారు. పూర్తిగా చదవాలంటే సెమినరీ మీ ఆస్టిన్‌లోనే. ముందు డిగ్రీ చేతికి తెచ్చుకో, ఆదివారం పాఠం చదువు, మిగతాది తొందరేం లేదు.

ప్రశ్న: ఈ టెక్సాస్ డయాసిస్ 2020లో జాతి న్యాయం కోసం 13 మిలియన్ డాలర్లు ప్రకటించిందని విన్నాను. నిజమేనా? దానితో మనకేం సంబంధం?

జవాబు: నిజమే. తమ మొదటి బిషప్ గ్రెగ్ గారికి బానిసలు ఉండేవాళ్లని బయటికే ఒప్పుకుని, నల్లజాతి సంఘాల కోసం, చదువుల కోసం ఆ డబ్బు పక్కన పెడతామన్నారు. మనకేం సంబంధం అంటారా, మాల గుడి, మాదిగ గుడి అని ఈరోజుకీ వేరు వేరుగా గంట కొట్టుకునే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. మా సంఘంలో ఈ విషయం మీద చదువుకునే గుంపుకి నేను వెళ్తుంటా, తెలుగువాళ్లు ఇంకొకరు కూడా లేరు అందులో. ఒకసారి వచ్చి కూర్చోండి.

ప్రశ్న: నెలకొకసారి తెలుగు ఆరాధన పెట్టుకుంటే డయాసిస్ ఒప్పుకుంటుందా?

జవాబు: అడిగితేనే కదా తెలిసేది. ముందు రెక్టర్, తర్వాత బిషప్ ఆఫీసు. ఊరి నుంచి వచ్చిన సీఎస్ఐ అయ్యగారు ఎవరైనా ఉన్నా సరే, ప్రభు బల్ల నడపాలంటే ఇక్కడి బిషప్ గారి అనుమతి కావాలి, అది లేకుండా మొదలుపెట్టొద్దు. మేం మొదటిసారి పెట్టినప్పుడు వచ్చింది పదకొండు మంది, అందులో నలుగురు పిల్లలు, కీర్తన ఎత్తుకునేవాళ్లు లేక నేనే ఎత్తుకున్నా, శృతి ఎటో పోయింది. మా తెల్లజాతి రెక్టర్ చివర్లో వచ్చి నిలబడి, ఆఖరి ఆమెన్ మాత్రం అందరికంటే గట్టిగా అన్నాడు.