డాక్టర్ సలహా: వీధి చివరి క్లినిక్‌లో సూది, సెలైన్... ఏం చూసుకోవాలి?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. షుగర్ ఉంది. జ్వరమొచ్చినా, కాళ్లు లాగినా వీధి చివరి క్లినిక్‌కే వెళ్తుంది. వెళ్లిన ప్రతిసారీ ఒక సూది వేస్తారు, నీరసం అంటే సెలైన్ ఎక్కిస్తారు. అక్కడే సూది వేయించుకున్న పక్కింటావిడకు నెల తర్వాత తుంటి మీద గడ్డ లేచింది. చీము తీసి, యాంటీబయాటిక్స్ వాడినా తగ్గడం లేదు. ఆ క్లినిక్ సురక్షితమో కాదో మాలాంటి వాళ్లం ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు పక్కింటావిడ సంగతి చూద్దాం. సూది పొడిచిన చోట వచ్చే మామూలు చీముగడ్డ నాలుగైదు రోజుల్లోనే బయటపడుతుంది. వారాల తర్వాత గట్టిగా లేచి, చీము తీసినా మళ్లీ మళ్లీ ఊరుతుంటే నాన్‌ట్యూబర్క్యులస్ మైకోబాక్టీరియాను అనుమానించాలి. ఇవి క్షయ క్రిమికి దగ్గరి జాతి. కుళాయి నీళ్లలో, మట్టిలో ఉంటాయి. పరికరాలను నీళ్లతో కడిగి అలాగే వాడినా, చాలాసార్లు పొడిచిన మందు సీసా కలుషితమైనా ఒంట్లోకి చేరతాయి. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగవు. ఆవిడను సర్జన్‌కు చూపించి, చీమును ఏఎఫ్‌బీ స్మియర్‌తో (ఈ జాతి క్రిములను మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) పాటు మైకోబాక్టీరియల్ కల్చర్‌కు (వాటిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) పంపమని అడగండి. ఉత్త ‘కల్చర్’ అని రాస్తే ల్యాబ్ రెండు మూడు రోజులు చూసి, క్రిములు పెరగలేదని రిపోర్టు ఇచ్చేస్తుంది. ఈ జబ్బే అని తేలితే మందులు నెలల తరబడి వాడాల్సి ఉంటుంది. అదే క్లినిక్‌లో సూది వేయించుకున్న ఇంకెవరికైనా ఇలాంటి గడ్డలు లేస్తే వెంటనే జిల్లా వైద్య, ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

ఇక క్లినిక్ సంగతి. ఏసీ, అద్దాల తలుపులు చూసి ఏమీ చెప్పలేం. సూది వేసే బల్ల దగ్గర రెండు నిమిషాలు నిలబడి చూడండి. సిరంజి ప్యాకెట్ మీ ముందే చించారా అన్నది చాలామంది చూస్తారు, మంచిదే. కానీ అంతకంటే పెద్ద ప్రమాదం మందు సీసాలో ఉంటుంది. పదిమందికి వాడే 30 మి.లీ. సీసా రబ్బరు మూతకు ఒక సూది గుచ్చి, అలాగే వదిలేసి ఉంటుంది. వచ్చినవాళ్లకు వచ్చినట్టు దానికే సిరంజి తగిలించి మందు లాగుతారు. ఆ సూది రంధ్రంలోంచి క్రిములు లోపలికి పోతూనే ఉంటాయి. ఒకరికి పొడిచిన సిరంజితోనే మళ్లీ అదే సీసాలోంచి మందు లాగితే ఇంకా ఘోరం. ‘సూది మార్చాం కదా’ అంటారు. సూది మార్చినా సిరంజి గొట్టంలో కంటికి కనిపించని రక్తం మిగిలే ఉంటుంది. ఇక ఆ తర్వాత ఆ సీసాలోంచి మందు తీసుకున్న వాళ్లందరికీ ముప్పే. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో హెపటైటిస్-బి చెలరేగినప్పుడు, 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మవులో హెచ్‌ఐవీ కేసులు గుట్టుగా పాకి ఒక్కసారిగా బయటపడినప్పుడు, అనుమానం వాడిన సిరంజిల మీదికే వెళ్లింది.

కాబట్టి ఒక్కరికే సరిపోయే చిన్న ఆంప్యూల్ (మెడ విరిచి వాడే గాజు బుడ్డి) ఉంటే అదే వాడమనండి. పెద్ద సీసా తప్పకపోతే దాని మీద తెరిచిన తేదీ రాసి ఉండాలి. 28 రోజులు దాటితే, లేదా కంపెనీ అంతకంటే తక్కువ గడువు చెబితే అప్పటికే, పారేయాలి. పొడి రూపంలో ఉండే యాంటీబయాటిక్‌ను కలపడానికి స్టాండుకు వేలాడుతున్న సెలైన్ బాటిల్‌లోంచే అందరికీ నీళ్లు లాగడం కూడా ఇదే తప్పు. స్టెరైల్ వాటర్ ఆంప్యూల్ ఎవరిది వారికి విడిగా పగలగొట్టాలి. డబ్బాలో పొద్దుటి నుంచి స్పిరిట్‌లో నానుతున్న దూది వద్దు, అప్పటికప్పుడు తడిపినది కావాలి. షుగర్ చూసేటప్పుడు వేలికి గుచ్చే లాన్సెట్‌ను, అది బిగించే పెన్నును అందరికీ కలిపి వాడకూడదు.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. అక్కడికక్కడే కట్టర్‌తో కోసి, గుచ్చుకోని తెల్ల డబ్బాలో వేయాలి. 2016 బయో మెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సూది లేని సిరంజి, సెలైన్ గొట్టం ఎర్ర సంచిలోకి, నెత్తురంటిన దూది పసుపు సంచిలోకి, గాజు సీసాలు నీలి డబ్బాలోకి పోవాలి. మామూలు చెత్తబుట్టలో సూదులు కనిపిస్తే ఆ క్లినిక్‌లో సూది వేయించుకోవద్దు.

కుట్లు, డ్రెస్సింగ్ అవసరమైతే పరికరాలను ఎలా శుభ్రం చేస్తారో అడగండి. నీళ్లలో మరిగిస్తే చాలదు. ధనుర్వాతం లాంటి వాటి బీజాలు మరిగే నీటిని తట్టుకుంటాయి. ఆటోక్లేవ్‌లో (ఆవిరి పీడనంతో క్రిములను చంపే యంత్రం) 121 డిగ్రీల వేడి, 15 పౌండ్ల పీడనం దగ్గర కనీసం 15–20 నిమిషాలు ఉంచాలి. ప్యాక్ మీది టేప్‌పై గీతలు నల్లబడి ఉండాలి, ప్యాక్ తడిగా ఉండకూడదు.

సూది పడకపోతే ఏం చేస్తారని కూడా అడగండి, మొహమాటం వద్దు. టెస్ట్ డోస్ వేసి చూసినంత మాత్రాన రియాక్షన్ రాదన్న భరోసా లేదు. రియాక్షన్ వస్తే ప్రాణం కాపాడే అడ్రినలిన్ మందు ఆంప్యూల్, ఆక్సిజన్ సిలిండర్, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్ చేతికందేలా ఉండాలి. అడ్రినలిన్ బీరువాలో తాళం వేసి ఉంటే లేనట్టే లెక్క. సూది తర్వాత అమ్మను అరగంట అక్కడే కూర్చోబెట్టండి.

డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లోనూ, మందుల చీటీ మీదా ఉండాలి. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో పేరు సరిచూసుకోవచ్చు. డీఎంహెచ్‌ఓ ఇచ్చిన క్లినిక్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడకు ఉందా, గడువుందా చూడండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా, అసలు అమ్మకు అన్ని సూదులు ఎందుకు? నాకు ఎక్కువ బెంగ ఇక్కడే. మాత్ర మింగగలిగే మనిషికి మామూలు జ్వరానికి, ఒంటి నొప్పులకు సూది అక్కర్లేదు. ‘గ్లూకోజ్’ అని ఎక్కించే 5 శాతం డెక్స్‌ట్రోస్ అరలీటరు బాటిల్‌లో 25 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది, అది నేరుగా రక్తంలోకే వెళ్తుంది. నార్మల్ సెలైన్ అరలీటరులో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు ఆయాసం తెచ్చిపెట్టడానికి అది చాలు. ఆ రెండూ కలిపిన డీఎన్‌ఎస్ బాటిల్ అయితే ఉప్పూ, చక్కెరా రెండూ ఉంటాయి. వేసిన గంటల్లో హాయిగా అనిపించే సూదుల్లో చాలాసార్లు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. దాని వల్ల రెండు మూడు రోజుల పాటు షుగర్ ఎగబాకుతుంది. వేసిన ప్రతి మందు పేరూ చీటీ మీద రాయించుకోండి. రోగి అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 నుంచీ ఉన్న నిబంధన.

ఇప్పటికే చాలా సూదులు పడ్డాయి కాబట్టి అమ్మకు హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్-బి), యాంటీ-హెచ్‌సీవీ (హెపటైటిస్-సి), హెచ్‌ఐవీ పరీక్షలు చేయించండి. హెచ్‌ఐవీ పరీక్ష ప్రభుత్వాసుపత్రిలోని హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రంలో (ఐసీటీసీ) ఉచితం. చివరి సూది ఈమధ్యే వేయించి ఉంటే హెచ్‌ఐవీ పరీక్ష మూడు నెలలకు, మిగతా రెండూ ఆరు నెలలకు మళ్లీ చేయించాలి. హెపటైటిస్-బి లేదని తేలితే టీకా వేయించండి. మొదటి డోసు తర్వాత నెలకు రెండోది, మొదటి దాని నుంచి ఆరు నెలలకు మూడోది. వేరేవాళ్లకు వాడిన సూదే పొడిచారని ఎప్పుడైనా కచ్చితంగా తెలిస్తే ఆలస్యం చేయకుండా జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి. హెచ్‌ఐవీని అడ్డుకునే మందులు 72 గంటల్లోపు, ఎంత తొందరగా అయితే అంత మేలు, మొదలుపెట్టి 28 రోజులు వాడాలి.