వకాల్తా మీద సంతకం చేసే ముందు

ప్రశ్న: పలమనేరు దగ్గర మా నాన్నగారికి రెండెకరాల మామిడితోట ఉంది. గట్టు విషయంలో పక్క పొలం వారు ఆయన మీద పలమనేరు కోర్టులో దావా వేశారు; పది రోజుల క్రితం సమన్లు అందాయి. నేను తిరుపతిలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి లాయరును పెట్టుకోవచ్చునా? మొదటిసారి వెళ్లినప్పుడు ఏమేమి అడగాలి?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: స్థిరాస్తి దావా ఆ ఆస్తి ఉన్న ప్రాంతపు కోర్టులోనే నడుస్తుంది. తిరుపతి న్యాయవాది పలమనేరులో వాదించడానికి చట్టపరమైన అడ్డంకి లేదు గానీ, ప్రతి వాయిదాకూ అంత దూరం రాలేక జూనియర్‌ను పంపడమో, గడువు కోరడమో జరిగే అవకాశం ఉంది; ప్రయాణ ఖర్చు ఎటూ మీదే. పైగా గట్టు తగాదాలలో కోర్టు తరచుగా అడ్వకేట్ కమిషనర్‌ను (స్థలం చూసి నివేదిక ఇచ్చే న్యాయవాదిని) నియమించి, సర్వేయరు సాయంతో భూమిని కొలిపిస్తుంది. ఆ రోజున తోటలో నిలబడగలిగిన న్యాయవాది మీకు అవసరం కాబట్టి పలమనేరులో సివిల్ దావాలు చూసేవారినే ఎంచుకోండి.

అయితే ఆలస్యం చేయకండి. సమన్లు అందిన 30 రోజులలోపు జవాబు దాఖలు చేయాలి. కారణం చూపితే సమన్లు అందిన నాటి నుంచి మొత్తం 90 రోజుల వరకు కోర్టు అనుమతించవచ్చు. పాసుపుస్తకం, 1-బి, అడంగల్ వంటి భూమి రికార్డులు, సర్వే పటం నకళ్లు తీసుకెళ్లండి, అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. చిన్న ఊళ్లలో ఒకే న్యాయవాది ఇరుపక్షాలకూ పరిచయస్థుడై ఉండడం మామూలే. ఈ తగాదాలో అవతలివారికి ఇదివరకే సలహా ఇచ్చి ఉంటే, న్యాయవాదులను నియంత్రించే బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఆయన మీ తరఫున నిలబడకూడదు కనుక ఆ మాట ముందే అడగండి. చెప్పిన ఫీజులో కమిషనర్ ఖర్చు, టైపింగ్, నకళ్ల ఖర్చు కలిసి ఉన్నాయో లేదో తెలుసుకొని, ఇచ్చిన ప్రతి మొత్తానికీ రశీదు తీసుకోండి. గుమస్తా చేతికిచ్చిన మూడు వందలకు రశీదు అడిగితే నొచ్చుకుంటారేమోనని మనవాళ్లు మొహమాటపడతారు. ఏడాది తిరిగేసరికి ఆ చిల్లర ఖర్చులే ఫీజును మించిపోవచ్చు.

దావా మీ నాన్నగారి మీదే కాబట్టి వకాల్తా (న్యాయవాదికి తన తరఫున వాదించే అధికారమిచ్చే పత్రం) మీద సంతకం చేయవలసింది వారు, మీరు కాదు. అచ్చు ఫారంలో రాజీ కుదుర్చుకునేందుకూ, కోర్టు నుంచి డబ్బు తీసుకునేందుకూ న్యాయవాదికి అధికారమిచ్చే వాక్యాలు సాధారణంగా ఉంటాయి. అక్కరలేదనుకున్నవాటిని సంతకానికి ముందే కొట్టివేయించండి. కేసుకు కేటాయించిన 16 అక్షరాల సీఎన్ఆర్ సంఖ్య మీ దగ్గర ఉంటే, తదుపరి వాయిదా ఎప్పుడో ఈ-కోర్ట్స్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు.

ప్రశ్న: రెండు నెలల క్రితం మా వారు లారీ ప్రమాదంలో చనిపోయారు. పరిహారం కేసు కోసం కలిసిన లాయరు, ఫీజు వద్దు, వచ్చే పరిహారంలో నాలుగో వంతు ఇమ్మని, హామీగా ఖాళీ చెక్కు అడుగుతున్నారు. ఒప్పుకోవచ్చునా?
— ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: ఒప్పుకోవద్దమ్మా. కేసులో వచ్చే సొమ్ములో వాటా అడగడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. ఇలాంటి ప్రమాద పరిహారం కేసులోనే సుప్రీంకోర్టు 2017లో ఆ పద్ధతిని తప్పుపట్టింది. ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వకండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మోటారు వాహనాల చట్టంలో 2022 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు క్లెయిము వేయాలి కనుక ఈ వారంలోనే కదలండి.

ప్రశ్న: లాయరును మార్చుకుంటానంటే, బాకీ ఫీజు కడితే గానీ ఫైలు ఇవ్వనంటున్నారు.
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలను అట్టిపెట్టుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. బాకీ ఉంటే ఆయన దాన్ని విడిగా వసూలు చేసుకోవలసిందే. ముందు రిజిస్టర్డ్ పోస్టులో ఫైలు కోరండి. అప్పటికీ ఇవ్వకపోతే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. న్యాయవాదుల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది కాబట్టి వినియోగదారుల ఫోరానికి వెళ్లి ప్రయోజనం లేదు.