తప్పు చెప్పలేక రాత్రిళ్లు దిద్దుతున్నాను

ప్రశ్న: మేడమ్, ఆరు నెలల కిందట నన్ను టీమ్ లీడ్‌ని చేశారు. టీమ్‌లో ఒక సీనియర్ ఉన్నారు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నేను చేరిన కొత్తలో నాకు పని నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆయన పంపే నెలవారీ రిపోర్టుల్లో అంకెలు తప్పుతున్నాయి. చెప్పడానికి నోరు రాక, రాత్రి నేనే కూర్చుని దిద్ది పంపుతున్నాను. పోయిన వారం మాత్రం ఓపిక నశించి మీటింగ్‌లో అందరి ముందూ ‘మీరెప్పుడూ ఇంతేనండీ’ అనేశాను. అప్పటి నుంచి ఆయన మెసేజ్‌లలో తప్ప నాతో మాట్లాడటం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక టీమ్ లీడ్

జవాబు: ముందు ఒకటి అడుగుతాను. ఆ రిపోర్టుల్లో తప్పులున్నాయని ఆయనకు తెలుసా? మీరు రాత్రికి రాత్రే దిద్దేస్తుంటే తెలిసేదెలా? మీరేమీ అనలేదు కాబట్టి ఆరు నెలలుగా అంతా బాగుందనే అనుకుని ఉంటారు. మీటింగ్‌లో మీరన్న మాట ఆయన నెత్తిన పిడుగులా పడి ఉంటుంది.

పైగా ‘ఎప్పుడూ ఇంతే’ అంటే ఆయన ఏం సరిచేసుకోవాలి? ఏ రిపోర్టో, ఏ అంకో అందులో లేదు. 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి చూశారు. సగటున పని మెరుగుపడిన మాట నిజమే కానీ, మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పని ఇంకా దెబ్బతింది. ధ్యాస పని మీద నుంచి ‘నన్నేమనుకుంటున్నారో’ అన్న వైపు మళ్లితే అలా జరుగుతుందని వాళ్ల వివరణ. మీ సీనియర్ ఇప్పుడు ఉన్నది అక్కడే.

నేను కొత్తలో మీకు పూర్తి వ్యతిరేకంగా తప్పు చేశాను లెండి. ఒకబ్బాయి పని ఆలస్యం చేస్తున్నాడని చెప్పాలి. ముందు రెండు పొగడ్తలు, చివర రెండు పొగడ్తలు పెట్టి, మధ్యలో అసలు సంగతి దూదిలో చుట్టి చెప్పాను. బయటికెళ్లి ‘మేడమ్ తెగ మెచ్చుకున్నారు’ అని అందరికీ చెప్పుకున్నాడు! అతన్ని ఏమనగలను?

మీరు ముందు ఆయన దగ్గరికి వెళ్లి సారీ చెప్పండి. అందరి ముందు అలా అన్నందుకు, అంతవరకే. ‘కానీ మీరు కూడా...’ అని తోక తగిలించారో, ఆ సారీ చెల్లదు. ఏ రిపోర్టులో ఏ అంకె తప్పిందన్న చర్చ ఆ రోజు ఎత్తవద్దు. రాత్రిళ్లు దిద్దుతున్న సంగతి మాత్రం దాచకండి, ముందే చెప్పకపోవడం మీ పొరపాటే కదా.

తర్వాతి రిపోర్టులో తప్పు కనిపిస్తే మీరు దిద్దకండి. ఆ రోజే, ఇద్దరే కూర్చుని, ఫైలు తెరిచి పెట్టి చెప్పండి: ‘ఈ మూడు వరుసల్లో పోయిన నెల అంకెలే ఉన్నాయండీ. ఇలాగే వెళ్లుంటే పైవాళ్లు తప్పు లెక్కతో నిర్ణయం తీసుకునేవారు. ఎలా జరిగిందంటారు?’ అంతే. ఆ తర్వాత నోరు మూసుకోవాలి. ఇదే కష్టం. నాలుగు క్షణాలు నిశ్శబ్దం రాగానే మనమే ‘ఫర్వాలేదు లెండి, పెద్ద విషయం కాదు’ అని చెప్పిందంతా చెరిపేస్తాం. ఆగండి. అంకెలు తనకు చివరి గంటలో చేరుతున్నాయని చెప్పొచ్చు, కొత్త ఫార్మాట్ అర్థం కాలేదని చెప్పొచ్చు. మొదటిదైతే ఆ అంకెలు పంపేవాళ్లతో మాట్లాడాల్సింది మీరు. రెండోదైతే పక్కన కూర్చుని ఒకసారి చేసి చూపించండి. ఒకప్పుడు ఆయన మీకు చూపించినట్టే.

మాట్లాడాలనుకున్నప్పుడు ‘సోమవారం మీతో కొంచెం మాట్లాడాలి’ అని శుక్రవారం సాయంత్రం మెసేజ్ మాత్రం పెట్టకండి. పాపం, ఆయన రెండు సెలవురోజులూ పాడవుతాయి.