గొత్తికోయ గర్భిణికి ఆధార్ లేదు, ఆస్పత్రిలో చేర్చుకుంటారా?

మీ పంచాయతీ చివర అడవిలో ఉన్న గొత్తికోయల (ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన ఆదివాసీల) గుంపులో ఏడో నెల గర్భిణి ఉంది, ఆధార్ లేదు, కార్డు లేకపోతే పురుడు పోస్తారా అని అడిగారు. పోస్తారు, పొయ్యాల్సిందే. సర్కారు ఆస్పత్రిలో కాన్పు అయినా, ఆపరేషన్ అయినా మందులు, రక్తం, భోజనం, తీసుకురావడం, ఇంటి దగ్గర దింపడం అన్నీ ఉచితం. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం చెప్పేది అదే. ఆధార్ తర్వాత చూసుకోవచ్చు, నొప్పులు ఆగవు కదా.

భద్రాద్రి కొత్తగూడెం ఏజెన్సీలో నేను పదకొండేళ్లు ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తగా చేశాను. నా సబ్‌సెంటర్ కింద అలాంటి గుంపులు మూడు ఉండేవి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీద సర్కారు అండతో సల్వాజుడుం మొదలయ్యాక అక్కడి బీజాపూర్, సుక్మా వైపు నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లు. అక్కడ వాళ్లు ఎస్టీలే. ఇక్కడికొచ్చేసరికి వలస వచ్చినవాళ్లని ఆ సర్టిఫికెట్ ఇవ్వరు. పోడు పట్టా అడుగుదామంటే అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 నాటికే సాగులో ఉండాలంటుంది. పారిపోయి వచ్చినవాళ్లలో ఎంతమందికి ఆ తేదీ కలుస్తుంది చెప్పండి.

సరే, మీ సంగతికి వద్దాం. ముందు ఆశా కార్యకర్తతో ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) రాయించండి. "ఆధార్ లేకపోతే ఆన్‌లైన్‌లో ఎక్కదు" అంటే, కనీసం రిజిస్టర్‌లో రాసుకుని కార్డు చేతికివ్వమనండి. టీడీ ఇంజెక్షన్ (ఇదివరకు టీటీ అనేవాళ్లం), రక్త పరీక్ష, బీపీకి ఏ నంబరూ అక్కర్లేదు. పగలు వెళ్తే గుంపులో ఎవరూ ఉండరు, మిర్చి కోతల రోజుల్లో అయితే ముసలాళ్లు, కోళ్లు తప్ప. నేను సంత రోజు పట్టుకునేదాన్ని. ఉప్పు, ఎండుచేపలు కొనే చోట నిలబడితే అందరూ కనిపిస్తారు.

నాకు ఇప్పటికీ మరపు రానిది ఒకటుంది. ఓ ఆగస్టులో వాగు దాటించి, మంచానికి కర్ర కట్టి, ఒకమ్మాయిని రోడ్డు దాకా మోసుకొచ్చారు. అక్కణ్నుంచి 108లో పట్నంలోని ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాం. బల్ల మీద పడుకుని "ఏర్, ఏర్" అంటోంది. అక్కడి సిస్టరు "అవునమ్మా, ఏరు పొంగిందంట, దాటేశారుగా, ఇంక భయం లేదు" అని ధైర్యం చెప్తోంది. నేను బయట కౌంటర్లో కార్డు లేదని కసురుతున్న అతనితో వాదించి లోపలికి వచ్చేసరికి అరగంట. వాళ్ల భాషలో ఏర్ అంటే నీళ్లు. ఆ పిల్ల దాహమని అడుగుతోంది. పెదాలు తెల్లగా ఎండిపోయాయి.

అందుకని కాన్పుకు వెళ్లేటప్పుడు తెలుగు, కోయ రెండూ వచ్చిన ఆడమనిషిని వెంట పంపండి. భర్త వస్తాడు కానీ లోపలికి రానివ్వరు, పైగా అతనికి తెలుగు కూలి లెక్కల వరకే వస్తుంది. వానాకాలం అయితే తేదీకి పది రోజుల ముందే తీసుకెళ్లండి. ఏజెన్సీలో కొన్ని ఆస్పత్రుల్లో కాన్పుకు ముందు ఉండటానికి గదులున్నాయి, మీ పీహెచ్‌సీ డాక్టర్‌ని అడిగితే చెప్తారు.

ఇక ఆధార్. నిజంగా లేదా, లేక ఊళ్లో ఉండిపోయిందా అని నిదానంగా అడగండి. నాకు "లేదు" అన్నవాళ్లలో చాలామందిది అక్కడ అత్తగారింట్లో పెట్టెలో ఉండేది. ఉందని తెలియక ఇక్కడ కొత్తగా దిగితే వేలిముద్రలు కలిసి దరఖాస్తు తిరిగొస్తుంది, నెలలు పోతాయి. పాతదాని నంబరు తెప్పించి అడ్రస్ మార్పించుకుంటే చాలు. ఛత్తీస్‌గఢ్ రేషన్ కార్డు ఉన్నా పారెయ్యొద్దనండి, ఒకే దేశం ఒకే రేషన్ కింద ఆ కార్డు మీద కేంద్రం కోటా బియ్యం ఇక్కడి డీలర్ దగ్గరే తీసుకోవచ్చు. డబ్బు వచ్చే పథకాలకు మాత్రం ఆధార్, బ్యాంకు ఖాతా రెండూ అడుగుతారు, అందులో అబద్ధం చెప్పను.

అన్నిటికన్నా నేను గట్టిగా పట్టుకోమనేది బిడ్డ జనన ధ్రువపత్రం. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికి, ఆధార్‌కు, అన్నిటికీ పుట్టిన తేదీ రుజువు అదే. ఆస్పత్రిలో పుడితే వాళ్లే నమోదు చేస్తారు. ఇంట్లో పుడితే 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర రాయించాలి, ఫీజు లేదు. ఏడాది దాటితే పై అధికారి ఉత్తర్వు తెచ్చుకోవాలి, ఆ తిరుగుడు వాళ్ల వల్ల కాదు. పేరు ఇంకా పెట్టలేదని ఆగొద్దు, పేరు ఏడాదిలోపు ఉచితంగా చేర్పించుకోవచ్చు.

సంతకం పెట్టే ముందు తల్లి పేరు, ఇంటిపేరు మీరే అక్షరం అక్షరం చూడండి. మనం మడకం అని రాస్తాం, అక్కడి కార్డులో హిందీలో మడ్కామ్ అని ఉంటుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఆ పాత కార్డులో ఎలా ఉంటే అలాగే రాయించండి.