ఏ రొట్టె కావాలమ్మా?

నాయనా,

నీ వ్యాసం అంది వారం దాటింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చుంటే ఎనిమిదో పుట దాకా ఒక్క గీత కూడా పెట్టాల్సిన పని పడలేదు. సంతోషించకు. తప్పులు లేక కాదు, పట్టుకోవడానికి ఏమీ దొరకక. మొదటి పుటలో జెరూసలేం, రెండో పుటలో 1979 నాటి ఇరాన్ విప్లవం, నాలుగో పుటలో ఐర్లండు, ఆరో పుటకల్లా అమెరికా ఎన్నికలు. నువ్వు పుట్టింది కందుకూరులో, చదువుతున్నది ఒంగోలులో. ఆ రెండు ఊళ్ళ పేర్లూ నీ వ్యాసంలో లేవు.

'మతం ప్రజాజీవితాన్ని శాసించే తీరు' అని శీర్షిక పెట్టావు. శాసించడం సంగతి తర్వాత చూద్దాం. ముందు నాతో ఒక చెరువు దగ్గరికి రా.

మొహర్రం నెలలో మా నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కన, స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగ ఫోటోలు పేపర్లో చూసే ఉంటావు. ఫోటో కింద ఏటా ఒకటే మాట ఉంటుంది: మతసామరస్యానికి ప్రతీక. చాలా ఏళ్ళు నేనూ ఆ మాటే రాశాను. చెరువులో దిగకుండా రాశాను. గట్టు మీద నిలబడి చూస్తే ఆ మాటే వస్తుంది మరి.

ఒక ఏడాది దిగాల్సి వచ్చింది. మా వారికి ఆపరేషన్ అయిన ఏడాది అది. మా ఇంట్లో మొక్కులూ ముడుపులూ లేవు, మా నాన్న పరమ నాస్తికుడు, ఆ గర్వం నాకూ కొంత అంటింది. పక్కింటావిడకు తోడుగా వెళ్ళాను, అంతే. మోకాలి లోతు నీళ్ళు. అందరి తలల మీదా కొంగులు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె అని ఎక్కడికక్కడ బోర్డులు. వీసా రొట్టె అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. నా వయసే ఉన్న ఒకావిడ ఎదురొచ్చి "ఏ రొట్టె కావాలమ్మా?" అంది. ఏమీ వద్దన్నాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "ఇంట్లో అందరూ బాగున్నారా?" అంది.

నాకు నోరు పెగల్లేదు.

చేతిలోని రొట్టెను రెండుగా తుంచి ఒక ముక్క నా చేతిలో పెట్టింది. ఆరోగ్య రొట్టె. తడి అరచేతికి పిండి అంటుకుంది, బెల్లం వాసన వచ్చింది. "బాగయితే వచ్చే ఏడు తెచ్చి ఇంకొకరికి ఇవ్వు, నాకు కాదు" అని చెప్పి, నా పేరైనా అడగకుండా జనంలో కలిసిపోయింది. ఆవిడది ఏ మతమో నాకు ఇప్పటికీ తెలియదు. మెడలో నల్లపూసలున్నాయి. మా వైపు అవి రెండు మతాలవాళ్ళూ వేసుకుంటారు.

ఇంటికి వచ్చి ఆలోచిస్తే తేలిందేమిటంటే, నేను అప్పు చేసి వచ్చాను. ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర పుచ్చుకుని, ముక్కూమొహం తెలియని మరో మనిషికి తీర్చాల్సిన అప్పు. నోటు లేదు, సాక్షి సంతకం లేదు. అయినా లక్షలమంది ఏటా వచ్చి తీర్చి వెళుతున్నారు. నీ వ్యాసంలో 'విశ్వాసం' అన్న మాట పుటకు నాలుగైదు సార్లు వచ్చింది. అది ఎవరి చేతికీ అంటుకోలేదు.

ఇంకో సంగతి. మొహర్రం చాంద్రమానం ప్రకారం వస్తుంది కాబట్టి పండుగ ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కొన్నేళ్ళు వానల్లో వస్తుంది, మరికొన్నేళ్ళు నడివేసవిలో. ఎప్పుడొచ్చినా చెరువులో నీళ్ళుండాలి, మరీ లోతు ఉండకూడదు. లైట్లు, మరుగుదొడ్లు, ఆడవాళ్ళు తడి చీరలు మార్చుకునే గదులు, తప్పిపోయిన పిల్లల కోసం మైకు, అదనపు బస్సులు. ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు చేయడం, చెరువులో బట్టలుతికే దంపతులకు ఆ దర్గాలో సమాధులున్న అమరవీరులు కలలో కనిపించి సమాధుల దగ్గరి మట్టితో నయమవుతుందని చెప్పడం కథగా చెప్పుకుంటారు. ఆ కథకు ఆధారం ఎంతో చరిత్రకారులు తేల్చుకుంటారు. దాని మూలాన ఈనాడు ఒక మునిసిపల్ ఇంజనీరు కాలెండరు ముందు పెట్టుకుని నీళ్ళ లెక్క వేసుకుంటున్నాడు చూడు, అతన్ని కలిసి రా. నీ 'శాసించే తీరు' అతని టేబులు మీద ఉంటుంది.

ఇప్పుడు నా తప్పొకటి చెబుతాను, నీకు పనికొస్తుంది. ముప్ఫయ్యేళ్ళ వయసులో కరువు కాలం నాటి ఒంగోలు మతమార్పిడుల మీద వ్యాసం రాశాను. పేరు 'గంజి కోసం మతం'. చాలామంది మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్ళలో ఒక్కరి తాత కూడా ఆ కరువులో తట్ట మోసినవాడు కాడు. తర్వాత కొన్నాళ్ళకు గుండ్లకమ్మ అవతలి పల్లె నుంచి రిటైరైన బడిపంతులు ఒకాయన వెతుక్కుంటూ వచ్చారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "మా తాత కాలువ తవ్వాడమ్మా, కూలి తీసుకున్నాడు. గంజి ఎక్కడిది?" అన్నారు.

ఆయన వెళ్ళాక, అప్పటికే నా దగ్గరున్న కాగితాలనే మళ్ళీ తీశాను. 1876-78 కరువు. మద్రాసు నుంచి మన తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ తవ్వకం నడుస్తోంది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు ఒకప్పుడు సర్వే పని చేసిన అనుభవం ఉంది. కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు పని కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళను ఆపి ఉంచాడు, తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. కరువు పనులు ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది మునిగి లేచారు. ఆ ఏడాది చివరికి సంఖ్య తొమ్మిది వేలు దాటింది. కూలి పనులు అయిపోయాక ఇంతమంది ఎందుకు వచ్చారన్న ప్రశ్న నేను వేసుకోనే లేదు. కాగితం నా ముందే ఉంది, ఎగతాళి అడ్డమొచ్చింది.

అసలు ఆ నమ్మకం దొర వెంటే వచ్చిందన్నది కూడా సగమే నిజం. క్లౌ ఒంగోలు వచ్చిన కొత్తల్లోనే ఆయన్ను వెతుక్కుంటూ వచ్చినవాడు యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు, అప్పటికే యోగ సాధనలో శిష్యులున్న గురువు. ఊరూరా ఆ మాట మోసింది అలాంటివాళ్ళు. మోసినవాళ్ళకు మొట్టమొదట ఎదురైన గొడవ స్వర్గం గురించీ కాదు, నరకం గురించీ కాదు. ఆదివారం పొలానికి రామన్నారు. చచ్చిన గొడ్డు మాంసం తినేది లేదన్నారు. అమ్మవారి జాతరలో డప్పు కొట్టేది లేదన్నారు. మోతుబరులకు కోపం వచ్చింది అక్కడే. వారానికి ఒక రోజు 'నాది' అనగలగడం ఎంత పెద్ద రాజకీయమో, ఏడు రోజులూ తనవే అయిన నా బోటి మనిషికి తట్టడానికి అంత కాలం పట్టింది. దొర అర్జీ రాసిపెడితే తాసిల్దారు వింటాడన్న ఆశ కూడా వాళ్ళకుండేది. అదీ రాయి. ఆశను దాచిపెడితే వాళ్ళను దేవదూతల్ని చేసినట్టవుతుంది, అది నా గంజి వ్యాసం కన్నా పెద్ద అవమానం.

ఆ చరిత్ర ఇప్పటికీ ఒక దరఖాస్తు ఫారంలో బతికే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివారికి షెడ్యూల్డు కుల హోదా లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే ఉన్నారు. దళితుల్లో క్రైస్తవం తీసుకున్నవారిని మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లో ఒక వర్గంగా లెక్కగట్టి బీసీ-సీ అంటారు. ఊరి బావి దగ్గర మాత్రం ఎవరూ ఈ తేడా చూడలేదు. ఈ లెక్క వల్ల చర్చికి వెళ్ళే మనిషి కాగితం మీద హిందువుగానే ఉండిపోతాడని నీకు నేను చెప్పనక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు ఒకటిన్నర శాతం కూడా లేరు. ఆదివారం పొద్దున ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో మైకులు విన్నవాళ్ళు ఆ అంకెను చూసి ఊరుకుంటారు.

నువ్వు మాత్రం ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. నీ వ్యాసం తొమ్మిదో పుటలో, వ్యాసం మొత్తంలోకీ ప్రాణమున్న ఒకే ఒక పేరా ఉంది. నీ హాస్టలు మిత్రుడు, వాళ్ళ ఊరు, వాళ్ళ అమ్మ పాడే పాట, అతని సర్టిఫికెట్టు మీద ఉన్న మతం. చదువుతూ ఉంటే ఒళ్ళు జలదరించింది. దాన్ని తీసెయ్యి. పేరు మార్చినా ఊరు గుర్తుపడతారు, ఊరు మార్చినా పాట గుర్తుపడతారు. ఎవరో ఒకరు ఆ పుట పట్టుకుని ఆఫీసుకు వెళితే ఆ కుర్రవాడి ఉద్యోగం పోతుంది, నీకు మాత్రం మంచి పేరా మిగులుతుంది. నిజం రాయడానికి ధైర్యం కావాలని నీకు చాలామంది చెబుతారు. ఆ ధైర్యానికి అయ్యే ఖర్చు ఎవరి జేబులోంచి పోతోందో నువ్వే చూసుకోవాలి. ఉత్తర్వు మీద రాయి, చట్టం మీద రాయి, నీ కోపం మీద రాయి. అతని అమ్మ పాట అతనికి వదిలెయ్యి.

ప్రపంచ వ్యవహారాలు లేకుండా వ్యాసం చిన్నబోతుందని నీ బెంగ. మన ఒంగోలు గిత్తనే తీసుకో. పంతొమ్మిదో శతాబ్దంలో ఓడెక్కి బ్రెజిల్ చేరింది. అక్కడ దాని పేరు నెలోరె, అంటే మన నెల్లూరే. ఆ దేశపు మాంసం పశువుల్లో సింహభాగం ఆ జాతిదే. బ్రెజిల్ నుంచి అరబ్బు దేశాలకు వెళ్ళే మాంసం హలాల్ పద్ధతిలో కోయాలి, ధ్రువపత్రం ఉండాలి. ఇక్కడ సంక్రాంతికి కొమ్ములకు రంగు వేయించుకునే గిత్తకు అక్కడి చుట్టం ఇస్లాం నియమం ప్రకారం పెట్టెలకెక్కి గల్ఫుకు వెళుతోంది. ఆ గల్ఫుకే మన కుర్రాళ్ళు వీసా రొట్టె పట్టుకుని వెళుతున్నారు. జెరూసలేం దాకా పోకుండానే నీకు రెండు ఖండాలు దొరికాయి.

చివరి పుటలో శ్రీహరికోట గురించి రాశావు. రాకెట్ ఎగరబోయే ముందు శాస్త్రవేత్తలు సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్ళడం సిగ్గుచేటు అన్నావు. (ఆ ప్రాంతం 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది, నువ్వు నెల్లూరు అనే రాశావు, దిద్దుకో.) ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ అధిపతి ఒక గుడి ముందు కెమెరాలకు నిలబడటం మీద నీకున్న అభ్యంతరం నాకూ ఉంది. 'సిగ్గుచేటు' అన్న మాట మీద మాత్రం గీత పెట్టాను. ఆ గుడి తలుపులు వేయని గుడి, రాత్రింబగళ్ళు తెరిచే ఉంటుంది. ఒక అర్ధరాత్రి వెళ్ళి ఆ మెట్ల మీద కూర్చో. రాకెట్ ఉన్న రోజు కాదు, మామూలు రోజు. ఎవరొస్తారో చూడు. లారీ డ్రైవర్లు, చేపల బుట్టలతో ఆడవాళ్ళు, షిఫ్టు దిగిన ఉద్యోగులు వస్తారనే నా ఊహ. నా ఊహ తప్పయితే ఉత్తరం రాయి.

నీ వ్యాసాన్ని దీనితో పాటే తిప్పి పంపుతున్నాను. తొమ్మిదో పుట మాత్రం నా దగ్గర ఉంచుకున్నాను, చింపేస్తాను.

ఇంతకీ నీకు దాచిన మాట ఒకటుంది. మా వారు కోలుకున్నారు. డాక్టర్లే బాగు చేశారు, అందులో నాకు సందేహం లేదు. మరుసటి ఏడు రొట్టెలు తీసుకెళ్ళలేదు. ఆ పై ఏడూ ఏదో పని చెప్పుకున్నాను. ఎనిమిదేళ్ళయింది. ఈసారి వెళుతున్నాను. పండుగకు ముందు రోజు సాయంత్రానికి నెల్లూరు వచ్చెయ్యి. పిండి నేను కలుపుతాను, బెల్లం నువ్వు తరుగు. నోటుబుక్కు మా ఇంట్లో పెట్టి రావాలి, నీళ్ళలో తడుస్తుంది.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ